వజూ నీళ్లు

బండ కూలి చాలాసేపైంది. ఇల్లందు దగ్గరి బొగ్గుబాయిలో ఆ మూల చిక్కుకున్నది ఇద్దరే. ఎల్లస్వామి కాలు దుంగ కింద నలిగింది. మౌలాలి ఆ దుంగ తీసి, తువాలుతో కట్టు కట్టాడు. ఎల్లస్వామి నీళ్ల సీసా బండల కింద పోయింది. మౌలాలి సీసా మిగిలింది, అందులో సగం నీళ్లు.

"తాగు తమ్మీ."

"వద్దు భాయ్."

నాలుక పిడచ కట్టుకుపోతోంది. అయినా ఎల్లస్వామి సీసా ముట్టుకోలేదు. అవి మౌలాలి నమాజుకు ముందు కడుక్కునే వజూ నీళ్లు. పదమూడేళ్లుగా చూస్తున్నాడు. చేతులు, నోరు, ముక్కు, మొహం, మోచేతులు, చివరికి పాదాలు, అన్నీ ఆ ఒక్క సీసాతోనే. చుక్క వృథా పోయేది కాదు. గోళ్లలో బొగ్గును పుల్లతో గీకేవాడు.

"పది నిమిషాలల్ల మళ్ల నల్లగైతవ్ గదా భాయ్" అని తోటివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

"పది నిమిషాలు చాలురా నాకు" అని నవ్వేవాడు మౌలాలి.

ఎల్లస్వామి ఇంట్లో దేవుడి చెంబును ఎవరూ ఎంగిలి చేయరు. ఇదీ అంతే అనుకున్నాడు.

"నేను నోరు పెడితే మైలైతయ్. నీ నమాజు పాడైతది."

"ఎవడు చెప్పిండు నీకు? పక్కోడు దూపతోని సస్తుంటే ఈ నీళ్లతోని వజూ చేస్కుంటనా?"

"మరి నమాజు?"

మౌలాలి గోడ వైపు జరిగాడు. బొగ్గుధూళికి మంట అంటకుండా బాయిలో గోడలకు తెల్లటి సున్నపురాయి పొడి కొడతారు. టోపీ దీపం వెలుగులో శుభ్రమైన చోటు చూసి అరచేతులు ఆనించాడు. దులిపి మొహం తుడుచుకున్నాడు. మళ్లీ ఆనించి మోచేతుల దాకా తుడుచుకున్నాడు.

"నీళ్లు కుదరని కాడ మట్టి, రాయి చాలు. తయమ్ముమ్ అంటరు. నా పని అయిపోయింది. ఇగ ఈ నీళ్లు నీయే, మొండోడా."

ఎల్లస్వామి రెండు గుక్కలు తాగి సీసా మౌలాలికి అందించాడు.

"నాకు దూప కాలే" అన్నాడు మౌలాలి. పెదాలు పగిలి ఉన్నాయి.

"అబద్ధమాడి నమాజు చేస్తవా?"

మౌలాలి నవ్వి ఒక్క గుక్క తాగాడు. పైకప్పు కిందికి వంగి ఉంది, నిలబడే వీలు లేదు. కూర్చునే నమాజు మొదలుపెట్టాడు. ఇంటి వసారాలో ఉన్నట్టే, తొందరేమీ లేదు. ఎల్లస్వామి గోడకు ఆనుకుని చూస్తున్నాడు.

కూలిన బండల అవతలి నుంచి గడ్డపార చప్పుడు.

ఎల్లస్వామి అరవబోయి ఆగాడు. మౌలాలి నుదురు నేలకు ఆని ఉంది. ఎల్లస్వామి చేతికందిన రాయి తీసుకుని, పక్కనున్న బొగ్గుబండ్ల ఇనుప పట్టా మీద మెల్లగా, ఆగకుండా కొట్టసాగాడు.