సీసా ఎవరి చేతిలో ఉంది?

పాపకు జ్వరం మందు రెండుసార్లు పడింది. మధ్యాహ్నం కుట్టుమిషన్ల షెడ్డు నుంచి పరుగున ఇంటికొచ్చి, తన చీటీ చూసుకుని తల్లి పోసింది. అరగంట ముందే అత్తగారు పోసి, వంటింట్లో తన చీటీలో రాసుకుంది. "భయం లేదమ్మా, చీకటిపడేదాకా ఇంకేమీ పొయ్యకండి, కనిపెట్టుకుని ఉండండి" అని డాక్టరు ఫోనులో చెప్పాడు గానీ, తల్లి పాపను ఒళ్ళోంచి దించలేదు.

"నేను పని మానేస్తాను," అంది. చేరి వారమే అయింది. షెడ్డు మేస్త్రీకి ఫోను చేసి ఆ మాటే చెబితే, "శనివారానికల్లా ఏదో ఒకటి తేల్చు" అన్నాడు.

భర్త ముందుగదిలో కంప్యూటర్ దగ్గర్నుంచి లేచి వచ్చాడు. "నేను ప్రోగ్రాం రాస్తున్న కంప్యూటర్లదీ ఇదే గొడవ. నాలుగూ ఒకే మెమరీ పంచుకోవాలి. ప్రతిదానికీ పక్కదాని దగ్గరికి పోలేక, ఒక్కోటీ తన దగ్గర ఒక నకలు పెట్టుకుంటుంది. ఒకటి కొత్తగా రాసిందంటే మిగతావాటి దగ్గరున్నది పాతదైపోతుంది."

"మరి మీరేం చేశారు?"

"ఏం రాయాలన్నా ముందు మిగతా అన్నిటినీ అడగాలని రూలు పెట్టాను. తప్పు రావట్లేదు."

ఆ మాటే పట్టుకుంది ఆమె. ఏం చెయ్యాలన్నా ముందు తనకు ఫోను చేసి అడగమని అత్తగారికి చెప్పింది.

మర్నాడు షెడ్డులో ఫోను మోగుతూనే ఉంది. "అమ్మాయ్, పాప తుమ్మింది. రాసుకోమంటావా?" అత్తగారి వెటకారం. "లంగోటీ తడిపింది. మార్చనా, నీ జవాబు కోసం ఆగనా?"

"ఆవలించిందేమో కూడా కనుక్కో," అని పక్క మిషనామె కిసుక్కున నవ్వింది.

పదకొండోసారి ఫోను ఎత్తేసరికి పాప గుక్కపట్టి ఏడుస్తోంది. "నీకోసం ఆగి ఆగి స్నానం నీళ్ళు చల్లారిపోయాయే తల్లీ," అంది అత్తగారు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

సాయంత్రం ఇంటికి రాగానే ఆమె చీటీలన్నీ చింపేసింది. ఒక్క కాగితాన్ని మందు సీసాకు దారంతో కట్టింది.

"పోసిన గంట దీనిమీదే రాయాలి. సీసా ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే పొయ్యాలి, ఇంకొకళ్ళు అడిగి తీసుకోవాలి. పాలు, స్నానం, లంగోటీలు మీ ఇష్టం అత్తయ్యా. సాయంత్రం అన్నీ కలిపి ఒక్కసారి చెప్పండి చాలు."

"అమ్మయ్య, బతికించావు!"

భర్త తువ్వాలు భుజాన వేసుకుని అక్కడే నిలబడిపోయాడు. "నా కంప్యూటర్లు కూడా ఒకదాన్నొకటి అడుక్కుంటూ కూర్చున్నాయి, పని సాగట్లేదు. మెమరీలో అన్ని ముక్కలకూ, వాటినే పేజీలంటాం, ఒకటే రూలు పెట్టానుగా. ఏ పేజీకి ఏ రూలు కావాలో వాడేవాళ్ళనే ఎంచుకోనివ్వాలి."

"ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని, నాకేం తెలుస్తుంది?"

"నేను ఆపకుండా చదివీ చిక్కులో పడ్డాను," అంటూ స్నానం మాట మరిచి కంప్యూటర్ ముందు కూలబడ్డాడు.

పాప జ్వరం తగ్గింది. శనివారం మధ్యాహ్నం షెడ్డులో ఫోను మోగింది. ఆమె ఆదరాబాదరా ఎత్తింది.

"మందు సంగతి కాదు, కంగారుపడకు," అంది అత్తగారు. "పాప గోడ వదిలేసి నిలబడింది. సాయంత్రందాకా దాచుకుందామనుకున్నాను, నావల్ల కాలేదే. మరి దీనికేం రూలు పెట్టావు?"

ఆమె మిషను ఆపేసింది. "ఫోను దాని నోటి దగ్గర పెట్టండి, అత్తయ్యా."

పాప ఊపిరి వినిపించింది. తర్వాత నేలమీద దబ్బున కూలబడిన చప్పుడు. ఆ వెనకే కిలకిల నవ్వు.

"ఏం తేల్చావమ్మా, ఉంటావా?" మేస్త్రీ వచ్చి అడిగాడు.

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని సూదిలోకి దారం ఎక్కించింది. "సోమవారం వస్తానండీ."