మూడు గ్లాసుల విస్కీ, మూడు గ్లాసుల మజ్జిగ

వన్ టౌన్ నెయ్యి బజారులో రామకోటేశ్వరరావు ముక్కుకున్న పరపతి మనుషులకు కూడా లేదు. ఎవరి నెయ్యిలో డాల్డా కలిసిందని తగాదా వచ్చినా వర్తక సంఘం వాళ్ళు ఆ డబ్బాను ఆయన కొట్లో దించాల్సిందే. ఆయన ఓ చుక్క ముంజేతి మీద రుద్దుకుని, కళ్ళు మూసుకుని, వాసన చూసి మాట చెప్పాడంటే ఇక దానికి తిరుగు లేదు.

ఆ ముక్కు పని చేయడం మానేసి నాలుగేళ్ళయిందని తెలిసిన మనిషి ఒక్కతే, ఆయన భార్య మాణిక్యమ్మ. కరోనా వచ్చి తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. సంగతి బయటపడితే ఆయన తట్టుకోలేడని ఆమెకు తెలుసు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కొట్లోకి దిగడానికి ఆయనకున్న హుషారంతా ఆ ముక్కే మరి. అందుకని ఆమె ఒక ఏర్పాటు చేసింది. తగాదా నెయ్యిని వెచ్చబెట్టే వంకతో మేడ మీది వంటింట్లోకి తెప్పించుకుని తనే వాసన చూస్తుంది. తర్వాత కిందికి కాఫీ వచ్చిందంటే సరుకు మంచిదని. మజ్జిగ వచ్చిందంటే కల్తీ. వచ్చిందేదో ఆయన తీరిగ్గా తాగి, గొంతు సవరించుకుని తీర్పు చెప్పేస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్క తీర్పూ తప్పుకాలేదు. పేరేమో ఆయనది, ముక్కేమో ఆమెది. అది తలుచుకుని మాణిక్యమ్మ పోపు వేస్తూ వేస్తూ తనలో తనే నవ్వుకునేది.

ఆయన నెయ్యితో ఊరుకుంటే బాగానే ఉండేది. పేరొచ్చాక నోరు ఊరుకుంటుందా? ఫోన్లో నాలుగు వీడియోలు చూసి, ఈ మధ్య సింగిల్ మాల్ట్ అనే ఖరీదైన విస్కీ మీద కూడా ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. అది వెళ్ళి ఉమామహేశ్ చెవిన పడింది. గవర్నర్‌పేట మిఠాయి కొట్లకు నెయ్యి పోసే ఉమామహేశ్ చిన్ననాటి స్నేహితుడే, నోరారా బావా అనే పిలుస్తాడు. కాకపోతే రెండు నెలల కిందట మజ్జిగ వచ్చింది అతని డబ్బాకే.

ఆదివారం పదకొండింటికి అతను చేతిలో సంచీతో మేడెక్కి వచ్చాడు. గోడవైపు తిరిగి మూడు గ్లాసుల్లో విస్కీ పోసి బల్ల మీద వరసగా పెట్టాడు.

"ఈ మూడింట్లో ఒకటి పద్దెనిమిదేళ్ళ స్కాచ్, సింగిల్ మాల్టు బావా. మిగతా రెండూ మన వీధి చివర వైన్ షాపు చవక సరుకు. ఏది ఏదో చెప్పావా, సీసా నీది. చెప్పలేకపోయావా, రేపట్నుంచి సంఘంలో నెయ్యి తగాదాలు నేను చూసుకుంటా."

రామకోటేశ్వరరావు నవ్వాడు గానీ ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళలేదు. మాణిక్యమ్మ అది గమనించింది. వెంటనే వచ్చి పళ్ళెంలో గ్లాసులు సర్దేసింది.

"ఈగలు ముసురుతున్నాయి అన్నయ్యగారూ, మూతలు పెట్టి తెస్తాను."

"కానివ్వు చెల్లెమ్మా. మీ ఈగలు కూడా స్కాచ్ మరిగినట్టున్నాయే."

వంటింట్లో ఆమె మొదటి గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పని చేయడం అదే మొదలు. ఇంజెక్షనుకు ముందు దూదితో రుద్దే మందు వాసన, దాని వెనక మాడిన పంచదార. రెండో గ్లాసు చూసింది. అదే మందు, అదే మాడు. పమిట చెంగు కాసేపు వాసన చూసి ముక్కును తేటపరుచుకుని మూడోది ఎత్తింది. తేడా వెంట్రుకవాసి కూడా లేదు.

మూడూ ఒకే సీసాలోవి, అదీ చవక సరుకు! ఏదో ఒకదాన్ని ఈయన ఆకాశానికెత్తితే పట్టుకుందామని కాచుక్కూర్చున్నాడన్నమాట. "ఓరి నీ అసాధ్యం కూలా," అనుకుని ఆమె గ్లాసులు మూతలతో సహా హాల్లో పెట్టి వచ్చి, గబగబా మజ్జిగ చిలకడం మొదలుపెట్టింది.

ఆ కాస్త వ్యవధిలోనే హాల్లో ఉపన్యాసం అందుకుంది. రామకోటేశ్వరరావు రెండో గ్లాసు వంచి, తిప్పి, వెలుతురుకు పట్టుకున్నాడు.

"చూశావా, గాజు మీద చారలు ఎంత నింపాదిగా దిగుతున్నాయో. ఇహ వాసనంటావా, ముందు పొగ. ఆ తర్వాత తేనె. ఎక్కడో వెనకాల సముద్రం."

"బందరు సముద్రమా బావా?"

"స్కాట్లండుది!"

మాణిక్యమ్మ మూడు మజ్జిగ గ్లాసులతో వచ్చింది. ఆయన చూసి, ఆదివారం పూట తాగుడేమిటని భార్యకు కోపం వచ్చిందనుకున్నాడు.

"అక్కడ పెట్టు మాణిక్యం, తర్వాత తాగుతాం. ఆ, ఏమంటున్నానూ, ఈ రెండో…"

ఆమె ఒక్కో విస్కీ గ్లాసు పక్కన ఒక్కో మజ్జిగ గ్లాసు పెట్టింది. మూడోదాన్ని మజ్జిగ బల్ల మీద చిందేలా టక్కున పెట్టింది.

"విస్కీలోకి మజ్జిగేంటి చెల్లెమ్మా?" అన్నాడు ఉమామహేశ్.

"ఎండలు చూశారా అన్నయ్యగారూ, ఎలా మండిపోతున్నాయో. మూడింటికి మూడూ ఒకే కుండలోని మజ్జిగే."

రామకోటేశ్వరరావు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. బల్లకేసి చూశాడు, భార్యకేసి చూశాడు. తర్వాత నింపాదిగా కళ్ళు మూసుకున్నాడు.

"పొగ, తేనె, సముద్రం. సింగిల్ మాల్టన్నాక ఉండాల్సినవి ఇవీ అంటున్నాను. ఈ రెండోదాంట్లో ఒక్కటీ లేదు. మొదటిదాంట్లో లేదు, మూడోదాంట్లో లేదు. మూడూ ఒకే సీసాలోవి. వీధి చివరికి నాకు దారి తెలియదనుకున్నావా బావా?"

ఉమామహేశ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. సంచీలోంచి సీలు తీయని అసలు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "అది ముక్కు కాదు బాబోయ్," అని దణ్ణం పెట్టి, పక్కనున్న మజ్జిగ గటగటా తాగేసి మెట్లు దిగిపోయాడు.

అతని బండి చప్పుడు సందు దాటాక భార్యాభర్తలిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వీ నవ్వీ ఆయన సీసా మూత తీశాడు. కాస్త పోసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్కసారి పీల్చాడు, మళ్ళీ పీల్చాడు. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"గెలుచుకున్నానే గానీ, నాకిది మంచినీళ్ళతో సమానం," అన్నాడు చిన్నగా. "ఎలా ఉందో నువ్వు చెప్పవే."

మాణిక్యమ్మకు జాలేసింది. గ్లాసు అందుకుని చాలాసేపు వాసన చూసింది.

"మన పెళ్ళినాటి టేకుపెట్టె లేదూ, పట్టుచీరలు తీద్దామని మూత ఎత్తితే గుప్పుమంటుందే, అది. నేతిలో వేగిన కిస్మిస్. నీళ్ళు చల్లిన కట్టెల పొయ్యి. పొగ ఉందండీ, మీరన్నట్టే."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "నిజంగానా? లేక నన్ను సంతోషపెట్టడానికి అంటున్నావా?"

ఆమె గ్లాసు బల్ల మీద దించింది. లోపలికి వెళ్ళి కప్పు నిండా చిక్కటి కాఫీ కలిపి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన మొహం విప్పారింది. సంబరంగా విస్కీ గ్లాసు మీదకు చెయ్యి చాచేసరికి అది అక్కడ లేదు.

"మీరు కాఫీ తాగండి," అంది మాణిక్యమ్మ, గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చుంటూ. "ఇంత మంచి సరుకు వాసన తెలియనివాళ్ళకు దండగ."