పంట: పతి

మా ఆవిడ పోయి రెండేళ్లయింది. ఆవిడ పేరు మీదున్న రెండెకరాలు నా పేరుకు మార్పించుకుందామని మండల కార్యాలయానికి వెళితే, గుమాస్తా ఫైలు తిరగేసి నా ముఖంలోకి చూశాడు.

"ఆవిడ నిరుడు సాగు సాయం తీసుకున్నారు కదండీ. ఈ ఏడు కూడా."

"పోయినవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటారా?"

"పెట్టుకున్నారు. సంతకం కూడా ఉంది." దరఖాస్తు నా వైపు తిప్పి, పంట పేరు రాసే గడి మీద వేలుంచాడు. "ఇది చూసి మేమంతా నవ్వుకున్నాం. ఏం పంట వేశారయ్యా అంటే, పతి. మొగుణ్ణి నాటితే ఎకరానికి ఏపాటి దిగుబడి వస్తుందంటారు?"

పక్క బల్ల దగ్గరివాడూ నవ్వాడు. నేను నవ్వలేదు. పత్తికి ఒత్తు పెట్టకుండా పతి అని రాసేది మా ఆవిడ. ముప్ఫై ఏళ్లు అలాగే రాసింది. ముప్ఫై ఏళ్లు పదిమందిలో వెక్కిరించాను. కానీ ఇది ఆవిడ చేతిరాత కాదు.

గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఎవరు చేశారో శుక్రవారంలోగా రాసివ్వండి. లేకపోతే పైవాళ్లు మీ పనే అనుకుంటారు. పొలం మీ పేరుకు రాదు."

నకలు తీసుకుని బయటపడ్డాను. ముందు గుమాస్తానే అనుమానించాను. అంత తీరిగ్గా నవ్వేవాడికి తెలియకుండా జరుగుతుందా? కానీ ఆ తప్పు వాడికి ఎలా తెలుస్తుంది? అది ఇంట్లో తప్పు. సాయం డబ్బు పడేది ఆవిడ ఖాతాలో. ఆ బ్యాంకు కార్డు చివరిసారి ఆసుపత్రిలో బావమరిది చేతిలో చూశాను. నేరుగా వాడి పంక్చరు కొట్టుకు వెళ్లాను.

"పత్తి అని రాయి," అన్నాను.

"ఏం బావా, ఈ వయసులో పంతులువయ్యావా?" ట్యూబు పక్కన పడేసి, అట్టముక్క మీద గీకి ఇచ్చాడు. ఒత్తు ఉంది.

"కార్డేదిరా?"

"ఆ రోజే అమ్మాయికిచ్చేశాను. నన్నెందుకు అలా చూస్తావు? నేను బడికెళ్లాను బావా. రాయడం రానిది అక్కకే. నేర్పమని నిన్నడిగితే నవ్వావు."

మా అమ్మాయి బట్టలు కుడుతుంది. మూడో తరగతిలో నేనే బడి మాన్పించాను. మిగతా చదువు తల్లి దగ్గర పలక మీద నేర్చుకుంది. వెళ్లేసరికి మిషను మీద ఉంది. కొత్త మిషను. బల్ల మీద కొలతల పుస్తకం తెరిచి ఉంది. పతి చొక్కాలు రెండు, మంగళవారం. పతి దుప్పటి అంచు, గురువారం.

నకలు ఆ పుస్తకం మీద పెట్టాను. అమ్మాయి మిషను ఆపింది.

"ఎక్కడ పట్టుకున్నావు నాన్నా?"

"ఒత్తు దగ్గర."

నకలునీ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. తప్పేమిటో దానికి కనిపించలేదు. నేను చెప్పలేదు.

"పొలం ఇంకా అమ్మ పేరు మీదే ఉందిగా. అమ్మదేగా అనుకున్నాను. పోయేముందు నాకు మిషను కొనమని నిన్నడిగింది. గుర్తుందా?"

గుర్తుంది. కొననన్నాను.

"నాన్నా, నా పేరు చెబుతావా?"

"అన్నం తిన్నావా?" అన్నాను.

"నేను అడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి?"

శుక్రవారం గుమాస్తా నాకో తెల్లకాగితం ఇచ్చాడు. రాసిచ్చాను. చదివి కలం కింద పెట్టాడు.

"సొంత కూతురంటున్నారు. ఇంకోసారి చూసుకోండి పెద్దాయనా."

కాగితం తీసుకుని మొదటినుంచి చూసుకున్నాను. పేరు, ఊరు, వరస. ఒత్తులు, దీర్ఘాలు అన్నీ ఉన్నాయి.

"తప్పు లేదు," అని తిరిగి ఇచ్చేశాను.