కప్పు మా ఇంట్లో ఒక్క రోజు

మా ఆయన వెర్లిన్, అమెరికాలో అయోవా రాష్ట్రంలోని ఈ ఊరి కాలేజీకి ముప్పై ఒక్క ఏళ్లుగా కోచ్. చదివేది ఆరువందల మంది పిల్లలు. ఆకులు రాలేటప్పుడు ఫుట్‌బాల్, మంచు కరిగాక బేస్‌బాల్. కోచ్ అంటే ఈల ఊదడమే అనుకునేరు! మైదానంలో సున్నం గీతలు గీసేది ఆయనే, బస్సు నడిపేదీ ఆయనే. నలభై జతల బురద బట్టలు ఉతికేది మాత్రం నేను. ఉతికీ ఉతికీ నా చేతులు అరిగిపోయాయి గానీ, లీగ్ కప్పు ఒక్కసారైనా మా గడప తొక్కలేదు.

ఆ నవంబరు శనివారం తొక్కింది. ఊరు ఊరంతా మైదానంలోకి దూకింది. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఎవరో పెట్టిపోయిన, ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన పైలు మూడు. వచ్చే వేసవిలో ఆయన రిటైరవుతాడు. పోనీలే, ఇన్నాళ్లకు దేవుడు కళ్లు తెరిచాడు అనుకున్నాను.

మధ్యాహ్నం చూద్దును కదా, ఆయన కోటైనా విప్పకుండా వంటింటి బల్ల దగ్గర కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు.

"పై తినవేమయ్యా?"

"ఆర్డిస్, కెసెల్ ఆడకూడని వాడు."

కెసెల్ మా జట్టుకు గోడలాంటి కుర్రాడు. లీగ్‌లో ఆడే ప్రతివాడికీ వారానికి పన్నెండు గంటల పాఠాలుండాలి. ఉన్నాయని సెప్టెంబరులో ఆటగాళ్ల జాబితా మీద సంతకం చేయాల్సింది కాలేజీ ఆఫీసు. అక్కడున్న ఒక్క మనిషికీ తీరిక లేదని ఏళ్ల తరబడి మా ఆయనే చేసేస్తున్నాడు. ప్రాక్టీసుకు అడ్డొస్తోందని కెసెల్‌ను కెమిస్ట్రీ మానేయమన్నదీ ఈయనే. మానేస్తే మిగిలేది తొమ్మిది గంటలే. చెప్పాడు, మరిచిపోయాడు, సంతకం చేశాడు. ఇవాళ ఆ కాగితాలు తిరగేస్తుంటే కంటపడింది. ఇప్పుడు బయటపెడితే గెలిచిన ఆటలన్నీ ఓడినట్టు రాస్తారు, కప్పు వెనక్కి పోతుంది.

"ఎవరికి తెలుసిది?" అన్నాను.

"నాకు."

"నీకొక్కడికే కదా! నోరు మూసుకుని పై తిను."

"ఎలా తినమంటావే?"

"నోటితో! నీ నిజాయితీ తగలెయ్య, ఆ నలభై మంది పిల్లలు ఏం పాపం చేశారు? నేనేం పాపం చేశాను?"

ఆయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

"ఓటములు మొయ్యడం నాకు అలవాటే. దీన్ని దాచిపెట్టి మొయ్యాలంటే మాత్రం ఓపిక లేదే, ఆర్డిస్. అలిసిపోయా."

ఫోను తీశాడు. నంబరు తిప్పడం మొదలెట్టాడు. రెండుసార్లు తప్పు తిప్పాడు. చూడలేకపోయాను. లాక్కుని లీగ్ అధ్యక్షుడి ఇంటికి నేనే తిప్పి ఆయన చేతికిచ్చాను.

"అభినందనలు, కోచ్!" అవతలి కేక నాకే వినబడింది.

"సార్, మా జట్టు మీద ఒక ఫిర్యాదుంది."

"అసూయ లెండి! ఎవరు చేశారేంటి?"

"నేనే సార్."

మా ఆయన తేదీలు, పేర్లు ఒక్కొక్కటీ నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన మంచితనానికి ఏడ్చాననుకునేరు. కప్పు కోసమే ఏడ్చాను, అబద్ధమెందుకు.