పట్టుగుడ్డలో మూడు నెలలు

సొంత ఊపిరి లేని వస్తువుకు నిరీక్షణ అనేది ఉంటుందా? ఈ ప్రశ్న నాకు నేను వేసుకుని మూడు నెలలైంది.

నేను ఒక సన్నాయిని. చేవ కర్రను తొలిచి, ఏడు రంధ్రాలు పెట్టి, వడ్రంగి నాకు ఖాళీని ప్రసాదించాడు. తాత నుంచి తండ్రికి, ఆయన నుంచి కోటిలింగానికి చేరాను. ముగ్గురి ఊపిరీ వేరు. కోటిలింగానిది ఓపికైన ఊపిరి.

అతని దవడ చెవి ముందర టక్కుమనడం రెండేళ్లుగా వింటున్నాను. నొప్పి మొదలైనప్పుడు, తప్పంతా నోట్లో పెట్టి ఊదే పీకదే అన్నాడు. వరుసగా ఐదు పీకలు మార్చాడు. తర్వాత చెవిపోటనుకుని వెల్లుల్లి నూనె కాచి పోసుకున్నాడు. వక్క నమలడం మాత్రం మానలేదు. మనిషి తన అలవాటును తప్ప అన్నిటినీ అనుమానిస్తాడు.

వైశాఖంలో ఒక పెళ్లిలో, సరిగ్గా తాళి కట్టే వేళ, అతని దవడ బిగుసుకుపోయింది. డోలు మస్తాను రెండింతలు వాయించి ఆ మౌనాన్ని కప్పేశాడు. సన్నాయి ఆగిందని ఎవరూ గమనించలేదు. పప్పులో ఉప్పు తగ్గిందని అందరూ గమనించారు. ఆ సాయంత్రమే కోటిలింగం నన్ను పట్టుగుడ్డలో చుట్టి మేకుకు తగిలించాడు. డాక్టరు దగ్గరికి వెళితే ఊదడం మానెయ్యమంటాడని అతని భయం. వెళ్లకుండానే మానేశానని అతనికి తోచలేదు.

అప్పటి నుంచి నాలో గాలి ఉంది, ఊపిరి లేదు.

అతని భార్య పేరిందేవి ఆశా కార్యకర్త. ఈ ఉదయం, జావ తాగుతున్న భర్త ఎదుట కూర్చుంది.

"మూడు వేళ్లు ఒకదానిమీదొకటి నిలిపి నోట్లో పెట్టు, చూద్దాం."

"నీ పరీక్షలు ఊళ్లోవాళ్లకి చెయ్యి పో."

"ఊరంతా నా మాట ఇంటది, ఈ ఇల్లొక్కటే ఇనదు. పెట్టవయ్యా!"

నా రంధ్రాల మీద ఏనాడూ తడబడని వేళ్లవి. రెండే పట్టాయి. మూడోది పెదవి దగ్గరే ఆగిపోయింది.

"దవడ కీలు ఊరికే టక్కుమంటే భయం లేదు," అంది పేరిందేవి. "నొప్పి వారాల తరబడి తగ్గకపోయినా, నోరు ఇట్టా సగమే తెరుచుకున్నా, బిగుసుకుపోయినా చూపించుకోవాల. శానామందికి ఆపరేషన్ అక్కర్లా. మెత్తటి తిండి, వేడి కాపడం, డాక్టరు చెప్పిన కసరత్తు, కావాలంటే పళ్లకి తొడుగు. ముందు ఆ వక్క పారెయ్."

"ఊదొద్దంటే?"

"అంటే అప్పుడు ఏడుద్దాం. ఇద్దరం."

కోటిలింగం జావ గిన్నె పక్కన పెట్టాడు. అతని భయమూ నా నిరీక్షణా ఒకటేనని అప్పుడు నాకు అర్థమైంది.

లేచి వక్కల డబ్బీ ఆమె చేతిలో పెట్టాడు. నన్ను మేకు మీద నుంచి దించి, పట్టుగుడ్డ విప్పాడు.

"అదెందుకు?"

"ఎట్టా పట్టి ఊదుతానో డాక్టరు చూడొద్దూ?"

పట్నం బస్సు కదిలేసరికి నేను అతని ఒడిలో ఉన్నాను.