కొండవాడు పెట్టిన చిక్కుడు గింజ

కాలువలోంచి బురద ఎత్తి గట్టున వేస్తూనే బాకీసియో కొడుకు వంక చూశాడు. ఏడేళ్ల మియలీను రెల్లుపొద కేసి తిరిగి ఉచ్చ పోస్తున్నాడు. పార వదిలేసి, ఎగశ్వాసతో గట్టెక్కి, పొద మొదట్లో వంగి చూశాడు తండ్రి. నేల తడిసిందే గానీ రంగు తెలియలేదు.

"ఏంటి నాయనా, పొద్దుట్నుంచీ నా ఉచ్చ వెంటే పడ్డావు? నిధేమన్నా ఉందా అందులో?"

"ఈసారి ఆ తెల్లరాయి మీద పొయ్‌రా."

మొన్న జరిగింది తప్పు. కొండ ఊళ్లలో కొత్త చిక్కుడు దిగగానే తండ్రి తన చేత్తో ఒలిచి, పచ్చిగింజ కొడుకు నోట్లో పెట్టాలి. మొన్న బాకీసియో అదే చేశాడు. మా పల్లంలోనా, పూత కనబడితే చాలు, తల్లులు మగపిల్లల్ని ఆ చేల గట్టు కూడా తొక్కనివ్వరు. ఎప్పుడో ఓడలెక్కి వచ్చిన జనం రక్తం మాది, వాళ్లకు జడిసి కొండెక్కినవాళ్ల రక్తం బాకీసియో వాళ్లది అనేవారు మా ముసలమ్మలు. చిత్తడి నేలల దోమజ్వరం మావాళ్లలో కొందరి జోలికి పెద్దగా రాదు. దాన్నుంచి తప్పించుకున్నవాళ్లను చిక్కుడు పట్టుకుంటుంది. బాకీసియో భార్య బొనకత్త తమ్ముడు అట్లాగే పోయాడు, ఒళ్లు పచ్చబడి, ఉచ్చ నల్లద్రాక్ష సారాలా దిగి.

ఆమెకు చెప్పలేదు. ఏ నోటితో చెబుతాడు?

మధ్యాహ్నం కాలు జారింది. పార కామ ఎడమ డొక్కలో గట్టిగా పొడుచుకుంది. ఏటేటా వచ్చే జ్వరాలకు అక్కడ ప్లీహం వాచి, బల్ల పెరిగి రాయిలా ఉంది. బల్ల ఉన్నవాడికి అక్కడ దెబ్బ తగిలితే లోపలే చితికి నెత్తురు కారిపోతుందంటారు మా పల్లంలో. కళ్లు బైర్లు కమ్మాయి. అయినా పాక్కుంటూ వెళ్లి తెల్లరాయిని చూశాడు. ఎండుగడ్డి రంగు. ఎరుపు లేదు.

సాయంత్రం ఇంట్లో నోరు విప్పాడు.

"కొండమేకా! నా తమ్ముణ్ని పూడ్చిన చోటు చూపించాను కదయ్యా నీకు!" బొనకత్త కొడుకును వాకిట్లోకి లాక్కెళ్లి, రెప్పలు ఎత్తి చూసింది. కళ్లు తెల్లగానే ఉన్నాయి.

"నా రక్తమే వచ్చిందే వాడికి," అన్నాడు బాకీసియో, గోడకు చేరబడి ఎడమ భుజం పట్టుకుని.

"అయితే జ్వరానికి అడ్డేముంది? ఇక దోమ కూస్తే నా గుండె ఆగాలి."

"మా అక్క దగ్గరికి కొండకు పంపెయ్. ఎండాకాలం ఇక్కడుంచకు."

ఆమె కొడుకు కళ్లే చూస్తోంది. మొగుడి పెదాలు సున్నంలా తెల్లబడడం చూడలేదు.

"చలేస్తోందే."

"నీకెప్పుడు వెయ్యదు గనక!" వెనక్కి తిరక్కుండానే దుప్పటి విసిరింది.

చారు కాగాక పిలిచింది. మళ్లీ పిలిచింది. మూడోసారి పిలవబోయి, దగ్గరికెళ్లి ముట్టుకుంది; ఒళ్లు చల్లబడిపోయింది.

గుమ్మం పక్కన, అతను విడిచిన బూట్లకు అంటిన బురద ఇంకా తడారలేదు.