సారలమ్మ ఎడమ మడమ

యూనివర్సిటీ మొక్కలకు పురుగు పడితే తోటపని చేసే సారలమ్మకు దురద పుట్టేది. ఆర్ట్స్ కాలేజీ గులాబీలకైతే భుజం, లేడీస్ హాస్టల్ మందారాలకైతే మోచెయ్యి. డిస్పెన్సరీ డాక్టరు ఆమెను చూడగానే "ఏ చెట్టమ్మా?" అని అడిగి, మందుచీటీ తోటల సూపరింటెండెంటు పేర రాసిచ్చేవాడు.

అరవై ఏడు వానాకాలంలో ఆమె, పురుగుల మీద పరిశోధన చేస్తున్న రాహేలు దగ్గరికొచ్చి మోకాలు చూపించింది.

"గిది కొత్త దురద బిడ్డా. ఇన్నేండ్లల్ల ఎన్నడు ఎరుగ. సల్లగ సూదితోని గుచ్చినట్టున్నది."

మోకాలంటే లైబ్రరీ వెనక రేలచెట్లు. ఆకు తిప్పి భూతద్దంలో చూస్తే ఆవగింజలో సగం లేని పురుగు, జల్లెడలాంటి రెక్కలు. దాని పేరు తేలడానికి నెల పట్టింది. తీరా తేలాక చూస్తే అది సముద్రాల అవతలిది.

"వచ్చింది సరే, ఉంటుందా?" అన్నాడు ప్రొఫెసర్ శ్రీనివాసరావు. "మన ఎండలకు తట్టుకుని గుడ్లు పెడితేనే ఇక్కడిదని రాస్తాం. మే ఆఖరుకు చూపించమ్మాయ్."

రాహేలు స్కాలర్‌షిప్ గడువూ అప్పటికే. బాపట్లలో వాళ్ల నాన్న మిషన్ స్కూల్లో టీచరుద్యోగం మాట్లాడి ఉంచాడు. ఆమెకేమో పురుగులు తప్ప వేరే ధ్యాస లేదు.

నోటుబుక్కులో సారలమ్మ బొమ్మ గీసుకుంది. రోజూ ఆమె ఎక్కడ గోక్కుంటే బొమ్మలో అక్కడ చుక్క పెట్టి, ఆ చెట్టు వెతుక్కుంటూ పోయేది. పురుగు మోకాలి నుంచి నడుముకు, నడుము నుంచి మెడకు పాకి క్యాంపస్ పక్కనున్న అడిక్‌మెట్ దాకా వెళ్లింది. సారలమ్మ ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఇంత కచ్చితంగా పనిచేసే మనిషిని రాహేలు ఏ డిపార్ట్‌మెంటులోనూ చూడలేదు.

ఏప్రిల్‌లో రేలచెట్లు ఆకు రాల్చాయి. దురద పోయింది.

"ఏడ గూడ లేదు బిడ్డా" అనేది సారలమ్మ, తనే తప్పు చేసినట్టు మొహం పెట్టి. రాహేలు ట్రంకుపెట్టె సర్దుకుంది.

మే ఇరవై తొమ్మిదిన సారలమ్మ కుంటుకుంటూ వచ్చింది.

"ఎడమ మడమ! లే, నడువు!"

మడమంటే క్యాంపస్ దాటి తార్నాక. అక్కడ వీధి కుళాయి పక్కన, ఒలికిన నీళ్లు తాగి ఒకే ఒక్క రేలచెట్టు పచ్చగా ఉంది. ఆకు అడుగున తల్లిపురుగులు, ఈనె పొడుగునా గుడ్లు, అప్పుడే గుడ్డు చీల్చుకొచ్చిన పిల్లలు. రాహేలు ప్రొఫెసర్‌కు కబురు పంపింది.

ప్రొఫెసర్ మిట్టమధ్యాహ్నం గొడుగేసుకుని వచ్చి చూశాడు.

"ఇది ఇక్కడిదైపోయింది. ఇంకో రెండేళ్లు దీన్ని వదలకు, స్కాలర్‌షిప్‌కు నేను రాస్తాను. ఈ చెట్లకు మాత్రం మందు కొట్టనివ్వద్దు."

ఆయన వెళ్లాక రాహేలు సంతోషంగా వెనక్కి తిరిగింది. సారలమ్మ కుళాయి గట్టుకు మడమ రాస్తోంది, చర్మం లేచిపోయేలా.

"రెండేళ్లు నీకీ బాధ ఎందుకమ్మా? మందు కొట్టించేద్దాం. నేను బాపట్ల వెళ్లిపోతాను."

"ఏంది, పిచ్చిలేసిందా? నీ చదువైనంక కొట్టియ్యి. గప్పటిదాంక గోక్కుంట, నాకేమైతది?"

రాహేలుకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆ బురదలోనే కూర్చుని, సారలమ్మ పాదం ఒళ్లో పెట్టుకుని, మెల్లగా గోకసాగింది.

"జర పైకి" అంది సారలమ్మ.